మొక్కల వైద్యుడు ఎర్విన్ స్మిత్

మన పల్లెలలో దోసపాదునో గుమ్మడిపాదునో పెంచని ఇల్లు అరుదు. నాటిన గింజ మొలకెత్తి, తీగ సాగి, పందిరి కెగబ్రాకి, పసుపుపచ్చని పూవులు పూచుచుండగా చూచువారి కన్నులకు ఎంతయో ఇంపుగా నుండును. అట్టి తీగ ఒకనాటి మధ్యాహ్నమున ఆకులు వ్రేలవేసి, నీరు పోసినను తేరుకొనక, కొలది దినములలో ఎండిపోయినచో పెంచినవారి మనస్సు మిక్కిలి నొచ్చును. నీరు చాలలేదని ఒకరు, ఎండదెబ్బ అని ఒకరు, దిష్టి తగిలినదని మఱియొకరు చెప్పుదురు. మనుష్యునకు జబ్బు చేసినచో నాడి చూచుటకు వైద్యుడు కలడు. నోరులేని మొక్కకు జబ్బు చేసినచో దాని కారణమును కనుగొనువా డెవడు? ఆ పనికై నలువది సంవత్సరములు తన జీవితమును ధారపోసిన మహనీయుడు అమెరికా దేశస్థుడైన ఎర్విన్ ఫ్రింక్ స్మిత్.

స్మిత్ 1854వ సంవత్సరము జనవరి 21వ తేదీన న్యూయార్కు రాష్ట్రమునందలి గిల్బర్ట్స్ మిల్స్ అను చిన్న గ్రామమున జన్మించెను. అతనికి పదునాఱేండ్ల వయస్సు వచ్చినప్పుడు, 1870లో, ఆ కుటుంబము పడమటనున్న మిచిగాన్ రాష్ట్రమునకు తరలిపోయి హబ్బర్డ్‌స్టన్ అను పల్లెటూరిలో వ్యవసాయము చేయసాగెను. పొలము పనులలో పెద్దలకు తోడ్పడుచుండుటచే స్మిత్ చదువు సక్రమముగా సాగలేదు. తోడి బాలురు పాఠశాల ముగించు వయస్సున అతడు పొలములోనే యుండెను. ఉన్నతపాఠశాల చదువు పూర్తియగునప్పటికి, అనగా 1880 నాటికి, అతనికి ఇరువదియాఱేండ్లు నిండెను. ఆలస్యమైనదని అతడు సిగ్గుపడలేదు, చదువు మానుకొననూ లేదు.

ఆ పల్లెలో చార్లెస్ వీలర్ అను మందులమ్మువా డొకడుండెను. అతనికి వృక్షశాస్త్రమున మిక్కిలి ఆసక్తి. అంగడి పని ముగిసిన పిమ్మట అడవులలోను, చెఱువుగట్లపైనను తిరిగి మొక్కలను సేకరించి, వాని పేర్లను నిర్ణయించుట అతనికి అలవాటు. స్మిత్ ఆతనికి శిష్యుడయ్యెను, పిదప స్నేహితుడయ్యెను. గురుశిష్యు లిద్దరును కలిసి మిచిగాన్ రాష్ట్రమున పెరుగు మొక్కల పట్టికను తయారుచేసి 1881లో ప్రకటించిరి. కళాశాల గడప త్రొక్కకమునుపే స్మిత్ ఒక శాస్త్రగ్రంథమునకు సహరచయిత యయ్యెను. మొక్కను చేతితో పట్టుకొని, కన్నులార చూచి, చూచినదానినే వ్రాయవలెనను నియమము అతనికి ఆ మందులకొట్టు గురువు వద్దనే అలవడెను.

పిదప స్మిత్ కొంతకాలము మిచిగాన్ రాష్ట్ర ఆరోగ్యసంఘమున ఉద్యోగము చేసెను. ఐరోపాఖండమున ఆ రోజులలో గొప్ప మార్పులు జరుగుచుండెను. ఫ్రాన్సు దేశమున పాశ్చరు, జర్మనీ దేశమున కాక్ అను శాస్త్రజ్ఞులు కంటికి కనబడని సూక్ష్మజీవులే పెక్కు రోగములకు కారణములని నిరూపించుచుండిరి. పశువుల దొమ్మజబ్బునకు కారణమైన క్రిమిని గూర్చి 1876లోను, క్షయరోగక్రిమిని గూర్చి 1882లోను కాక్ లోకమునకు తెలియజేసెను. ఆరోగ్యసంఘమున పనిచేయు స్మిత్ ఈ వార్తలను ఆత్రముతో చదువుచుండెను. ఫ్రెంచి, జర్మను భాషలను శ్రద్ధతో నేర్చుకొని మూలగ్రంథములనే చదువగలిగెను. 1886లో మిచిగాన్ విశ్వవిద్యాలయమున పట్టము పుచ్చుకొని, ఆ సంవత్సరమే వాషింగ్టను నగరమునందలి అమెరికా వ్యవసాయశాఖలో మొక్కల తెగుళ్లను పరిశోధించు ఉద్యోగమున చేరెను.

చేరిన వెంటనే అతనికి అప్పగింపబడిన పని మిక్కిలి కఠినమైనది. పీచ్ అను మధురఫలము మన దేశమున హిమాలయ ప్రాంతములందు పండును. అమెరికాలో ఆ తోటలు వేలకొలది ఎకరములలో విస్తరించి, పెక్కు కుటుంబములకు జీవనాధారమై యుండెను. ఆ చెట్లకు పసుపు తెగులు అను పీడ పట్టుకొనెను. తెగులు సోకిన చెట్టు కాయలు కాలమునకు ముందే పండి, ఎఱ్ఱని మచ్చలతో రుచి చెడిపోవును. కొమ్మలమీద సన్నని పాలిపోయిన రెమ్మలు గుత్తులుగా పుట్టును. ఆకులు పచ్చబడును. కొలది సంవత్సరములలో చెట్టు చచ్చును. మిచిగాన్ రాష్ట్రమున బెరియన్ జిల్లాలోని పీచ్ తోటలు 1870వ దశకమున ఈ తెగులువలననే నాశనమయ్యెను. తెగులు సోకిన చెట్లను నఱికివేయవలెనని అచట శాసనము సైతము చేయబడెను. తాము బిడ్డలవలె పెంచిన చెట్లపై తామే గొడ్డలి ఎత్తవలసి వచ్చిన రైతుల దుఃఖము వర్ణింపతరము కాదు.

స్మిత్ డెలావేర్, మేరీలాండ్ రాష్ట్రములకు పోయి తోటతోటకు తిరిగెను. భూసారము తగ్గుటచే ఈ తెగులు పుట్టుచున్నదని ఆ నాడు పలువురు నమ్ముచుండిరి. ఆ మాట నిజమో కాదో తేల్చుటకై అతడు రకరకముల ఎరువులను చెట్లకు వేయించి సంవత్సరములతరబడి పరీక్షించెను. ఏ ఎరువును తెగులును ఆపలేదు, కుదుర్పలేదు. తెగులుచెట్టునుండి మొగ్గను తీసి ఆరోగ్యముగానున్న మొక్కకు అంటు కట్టి చూచెను. ఆ మొక్కకును తెగులు వచ్చెను. దీనివలన ఇది అంటువ్యాధియని రుజువయ్యెను. అంటుమొక్కలను తెగులు లేని చెట్లనుండియే తీయవలెననియు, జబ్బుచెట్టును తోటలో నిలిపియుంచరాదనియు రైతులకు తెలిసెను. ఈ పరిశోధనకే 1889లో అతనికి విశ్వవిద్యాలయము డాక్టరు పట్టము నొసగెను.

అంటువ్యాధి యని తేలినను, అంటించునది ఏదియో తెలియలేదు. స్మిత్ సూక్ష్మదర్శిని క్రింద ఎన్ని ముక్కలు పరీక్షించినను ఏ క్రిమియు నిశ్చయముగా చిక్కలేదు. ఒక చెట్టునుండి మఱియొక చెట్టునకు తెగులు ఏ దారిని పోవుచున్నదో తెలియలేదు. రైతులు, పైయధికారులు, ప్రభుత్వము అతని సమాధానమునకై ఎదురుచూచుచుండిరి. ఏదో యొక క్రిమి పేరు చెప్పినచో అందఱును తృప్తిపడియుందురు, అతనికి కీర్తియు వచ్చియుండును. కాని స్మిత్ అట్లు చేయలేదు. తాను రుజువు చేసినంతవఱకే నివేదికలలో వ్రాసి, కారణము ఇంకను తెలియలేదని స్పష్టముగా ప్రకటించెను. ఏండ్లకొలది శ్రమించి తెలియలేదని ఒప్పుకొనుటకు ఎంతటి ధైర్యము కావలెనో ఆలోచింపుడు. ఈ ఓటమియే అతనికి పాఠమయ్యెను. సగము రుజువుతో తృప్తిపడరాదను పట్టుదల అతనిలో నాటుకొనెను.

ఆ కాలముననే బేరిచెట్లకు వచ్చు మాడు తెగులును గూర్చి ఒక గొప్ప విషయము బయటపడెను. ఆ తెగులుచెట్లలో బాక్టీరియా అను సూక్ష్మజీవులున్నవని ఇల్లినాయి విశ్వవిద్యాలయమునకు చెందిన బర్రిల్ అను ఆచార్యుడు 1878 మొదలుకొని చెప్పుచుండెను. స్మిత్‌తోపాటు వ్యవసాయశాఖలో పనిచేయుచున్న వైట్ అను యువకుడు 1891లో మఱియొక అడుగు ముందుకు వేసెను. తేనెకై పూవునుండి పూవునకు తిరుగు తేనెటీగలు ఈ క్రిములను మోసికొనిపోవుచున్నవని అతడు కనుగొనెను. తేనెటీగలు వ్రాలకుండ కప్పియుంచిన పూవులు తెగులు తగులక తప్పించుకొనెను. పురుగు ఆకును తినుటయే కాక, రోగమును ఒకచోటినుండి మఱియొకచోటికి చేరవేయగలదని లోకమునకు తెలిసిన తొలి ఉదాహరణములలో ఇది యొకటి.

1893 ప్రాంతమున స్మిత్ దృష్టి దోసజాతి తీగలపై పడెను. అమెరికాలో దోస, కర్బూజ, గుమ్మడి తీగలు ఉన్నట్టుండి వాడిపోయి చచ్చుచుండెను. మొదట ఒక ఆకు వాడును. ఆ పిమ్మట దాని ప్రక్క ఆకులు, తుదకు తీగయంతయు వాడిపోవును. నేలలో తడి యున్నను తీగకు దప్పిక తీరదు. స్మిత్ అట్టి తీగను కోసి, కోసిన కొనలను రెండింటిని తాకించి మెల్లగా ఎడముగా లాగి చూచెను. తెల్లని జిగురువంటి పదార్థము సాలెగూటి పోగులవలె వానినడుమ సాగెను. ఆ జిగురును సూక్ష్మదర్శిని క్రింద ఉంచగా లెక్కలేనన్ని బాక్టీరియములు కనబడెను. వేళ్లనుండి ఆకులకు నీటిని చేర్చు నాళములలో ఈ క్రిములు చేరి, పెరిగి, నాళములను పూడ్చివేయుచున్నవి. కాలువకు అడ్డుకట్ట పడినచో క్రింది పొలము ఎండుటవలె, నీరు పైకి పోలేక తీగ ఎండుచున్నదని అతడు గ్రహించెను.

ఐనను క్రిమి కనబడినంతమాత్రమున స్మిత్ పొంగిపోలేదు. పీచ్ తోటలలో నేర్చిన పాఠము అతనికి జ్ఞప్తియందుండెను. కాక్ పండితుడు మనుష్యుల, పశువుల రోగములకు ఏర్పఱచిన నియమములను మొక్కలకు అంతే కఠినముగా అన్వయింపవలెనని అతడు నిశ్చయించుకొనెను. మొదటిది, ఆ జబ్బుతోనున్న ప్రతి మొక్కలోను ఆ క్రిమి కనబడవలెను. రెండవది, దానిని మొక్కనుండి వేఱుచేసి, ఇతర క్రిములతో కలియకుండ గాజుగొట్టములో పెంచవలెను. మూడవది, అట్లు పెంచిన క్రిమిని సూదితో ఆరోగ్యవంతమైన మొక్కకు గ్రుచ్చినప్పుడు అదే జబ్బు రావలెను. నాలుగవది, ఆ క్రొత్త రోగినుండి మరల అదే క్రిమిని వెలికి తీయవలెను. ఈ నాలుగు మెట్లును ఎక్కినప్పుడే రుజువైనట్లు. ఒక్క మెట్టు తప్పినను రుజువు కానట్లే. స్మిత్ నాలుగు మెట్లును ఎక్కి, ఆ క్రిమికి పేరు పెట్టి 1895లో ప్రకటించెను.

ఇక ఒక సందేహము మిగిలియుండెను. తోటలో సూది పట్టుకొని తిరుగువాడు లేడు గదా! మఱి క్రిమి తీగలోనికి ఎట్లు పోవుచున్నది? ఈ బాక్టీరియమునకు ఆకు తోలును చీల్చు పండ్లు లేవు, ప్రక్క తీగకు ఎగిరిపోవుటకు ఱెక్కలు లేవు. స్మిత్ తోటలో కూర్చుండి వాడుచున్న తీగలను ఓపికతో పరిశీలించెను. పురుగు కొఱికిన ఆకుననే వాడు తెగులు మొదలగుచున్నట్లు అతనికి కనబడెను. ఆ పురుగు పసుపుపచ్చని దేహముపై మూడు నల్లని చారలుగల చిన్న పెంకుపురుగు. మన గుమ్మడిపాదుల ఆకులను తూట్లుచేయు ఎఱ్ఱని పెంకుపురుగునకు అది దూరపు చుట్టము. జబ్బుతీగను తినిన ఆ పురుగు ఆరోగ్యముగానున్న తీగను కొఱికినప్పుడు ఆ గాయమే క్రిమికి ద్వారమగుచున్నది.

పురుగునకు తాను చేయు హాని తెలియదు. అది తన ఆకలి తీర్చుకొనుటకు ఆకును తినును. కాని దానివెంట క్రిమియు ప్రయాణము చేయును. చలికాలమున అమెరికాలో తీగలన్నియు చచ్చిపోవును. అట్టియెడ మఱుసటి వసంతమున తెగులు ఎచటినుండి వచ్చును? 1915 తరువాత స్మిత్ శాఖకు చెందిన రాండ్ మున్నగు పరిశోధకులు ఈ చిక్కును విప్పిరి. కొన్ని పెంకుపురుగులు తమ దేహములందే క్రిమిని దాచుకొని చలికాలమును గడపి, వసంతమున లేతతీగలకు దానిని అంటించుచున్నవి. పురుగు విసర్జించిన మలముతో క్రిమి వెలువడి, ఆకు గాయములద్వారా లోనికి పోవునని పిమ్మటి పరిశోధనలవలన స్పష్టమయ్యెను. ఈ తెగులునుండి తీగను కాపాడవలెనన్నచో, తెగులు వచ్చిన తరువాత మందు వెదకుట కాదు, లేతదశలోనే పురుగును దరిజేరనీయకుండుట ముఖ్యమని రైతులు నేర్చుకొనిరి.

దోసతీగలతో స్మిత్ పని ఆగలేదు. టమాటా, వంగ, బంగాళాదుంప మొక్కలను ఎండించు బాక్టీరియమును అతడు 1896లో వర్ణించెను. ఆ క్రిమి నేలలో దాగియుండి వేళ్లద్వారా మొక్కలోనికి పోవును. మన దేశమునందును టమాటా, వంగ తోటలకు ఈ ఎండు తెగులు నేటికిని కీడు చేయుచునే యున్నది. క్యాబేజీ ఆకుల అంచులనుండి మొదలై ఈనెలను నల్లబఱచు కుళ్లు తెగులును అతడు 1897లో పరిశోధించెను. ఆకుల అంచులయందు నీటిబొట్లు వెలువడు సన్నని రంధ్రములద్వారాను, పురుగులు చేసిన గాయములద్వారాను ఆ క్రిమి లోనికి జొరబడునని చూపెను. ఒక్కొక్క క్రిమికి ఒక్కొక్క దారి కలదు. ఆ దారి తెలిసిననేగాని దానిని అడ్డగింప వీలులేదు.

ఇంత జరిగినను ఐరోపా పండితులు కొందఱు ఈ మాటలను నమ్మలేదు. జర్మనీ దేశమున లైప్జిగ్ నగరమునందలి ఆల్ఫ్రెడ్ ఫిషర్ అను ఆచార్యుడు బాక్టీరియములను గూర్చి ఆనాడు ప్రసిద్ధికెక్కిన పండితుడు. మొక్కలకు బాక్టీరియములవలన రోగములు రానే రావని అతడు 1897లో వెలువడిన తన గ్రంథమున వ్రాసెను. బాక్టీరియములు చెక్కుచెదరని మొక్కలోనికి చొరలేవనియు, చచ్చిన భాగములలో పిమ్మట చేరిన క్రిములను చూచి అమెరికావారు పొరబడిరనియు అతని వాదము. ఈ మాట నిలిచినచో స్మిత్ శ్రమయంతయు వ్యర్థమగును. అంతియే కాదు, మొక్కల తెగుళ్లను గూర్చిన ఈ క్రొత్త శాస్త్రము మొలకలోనే వాడిపోవును. లోకమున పేరుగాంచిన పండితుడు ఒకవైపు, పొలమునుండి వచ్చి ఆలస్యముగా చదువుకొన్న ప్రభుత్వోద్యోగి మఱియొకవైపు నిలిచిరి.

స్మిత్ వెఱవలేదు. కోపముతో కేకలు వేయుటవలన సత్యము నిలువదని అతనికి తెలియును. అతడు 1899 మొదలు 1901 వఱకు జర్మనీలో వెలువడు శాస్త్రపత్రికయందే ఫిషరునకు సమాధానములు వ్రాసెను. తాను చేసిన ప్రయోగములను ఒక్కొక్కటిగా విప్పి చెప్పెను. జబ్బుపడిన మొక్కల కాడలను పలుచని పొరలుగా కోసి, నాళములలో నిండియున్న క్రిములను ఛాయాచిత్రములలో చూపెను. ఎవరైనను ఆ ప్రయోగములను మరల చేసి చూచుకొనవచ్చును. నిజము నిలకడమీద తెలియునన్న మన పెద్దల మాట ఇచట రుజువయ్యెను. బాక్టీరియములు మొక్కలకు రోగములు కలిగించునను విషయమును క్రమముగా లోకమంతయు అంగీకరించెను. ఆ పిమ్మట స్మిత్ మొక్కల బాక్టీరియా రోగములను గూర్చి 1905, 1911, 1914 సంవత్సరములలో మూడు పెద్ద సంపుటములను ప్రకటించెను. ఆ శాస్త్రమునకు అవి పునాదిరాళ్లయ్యెను.

స్మిత్ పేరును మఱింత వ్యాపింపజేసినది కణితి తెగులు. డైసీ అను పూలమొక్క కాండముమీద పుట్టు బుడిపెలను అతడు పరిశీలించెను. 1907లో స్మిత్, అతని సహచరుడైన టౌన్సెండ్ ఈ కణుతులు ఒక బాక్టీరియమువలన కలుగుచున్నవని ప్రకటించిరి. మొక్కల కణుతులకును, మనుష్యులకు వచ్చు పుట్టకురుపునకును పోలిక యున్నదని స్మిత్ తలంచెను. 1913లో అమెరికా వైద్యసంఘము అతని పనిని గౌరవించి యోగ్యతాపత్రము నొసగెను. జాతీయ విజ్ఞానపరిషత్తు ఆ సంవత్సరమే అతనిని సభ్యునిగా ఎన్నుకొనెను. మనుష్యులకు వచ్చు పుట్టకురుపునకు మొక్కల కణితివంటి కారణమే కలదను అతని ఊహ పిమ్మట నిలువలేదు. కాని అతడు కనుగొన్న క్రిమి మాత్రము వృథాపోలేదు. ఆ బాక్టీరియము తన జన్యుపదార్థములో కొంతభాగమును మొక్క కణములలోనికి పంపునని 1977లో శాస్త్రజ్ఞులు కనుగొనిరి. నేడు పంటమొక్కలలో క్రొత్త లక్షణములను ప్రవేశపెట్టుటకు దానినే సాధనముగా వాడుచున్నారు.

స్మిత్ ప్రయోగశాలయందు మఱియొక విశేషము కలదు. ఆ కాలమున స్త్రీలకు శాస్త్రపరిశోధనాలయములలో చోటు దొరకుట మిక్కిలి అరుదు. స్మిత్ మాత్రము ఇరువదిమందికి పైగా స్త్రీలను సహాయకులుగా తీసికొనెను. వారిని సీసాలు కడుగుటకే పరిమితము చేయలేదు. ఒక్కొక్కరికి ఒక్కొక్క తెగులును అప్పగించి, వారి పరిశోధనలను వారి పేర్లతోనే ప్రకటింపజేసెను. నెల్లీ బ్రౌన్, ఫ్లారెన్స్ హెడ్జెస్, లూసియా మెకల్లక్, షార్లట్ ఎలియట్ మున్నగువారు ఆ శాలయందు పనిచేసి పేరు తెచ్చుకొనిరి. పాశ్చరు జీవితకృషిని గూర్చి ఫ్రెంచి భాషలో నున్న ఒక గ్రంథమును స్మిత్, హెడ్జెస్ కలిసి ఆంగ్లమునకు అనువదించి 1920లో ప్రకటించిరి.

స్మిత్ సూక్ష్మదర్శినికే అతుక్కొనిన మనిషి కాడు. అతనికి సాహిత్యమన్న ప్రాణము. 1893లో షార్లట్ బఫెట్ అను యువతిని వివాహమాడెను. ఆ దంపతులు అన్యోన్యముగా కాలము గడపిరి. 1906లో ఆమె మరణింపగా స్మిత్ తీరని దుఃఖమున మునిగెను. ఆమె స్మృతికై కవితలు వ్రాసి, 1915లో ఒక పుస్తకముగా అచ్చువేయించి మిత్రులకు పంచిపెట్టెను. ఐనను తన పనిని విడువలేదు. కణితి తెగులునకు కారణమైన క్రిమిని లోకమునకు తెలిపినది ఆ దుఃఖము కలిగిన మఱుసటి సంవత్సరముననే. 1914లో రూత్ వారెన్ అను ఆమెను వివాహమాడెను. తుదివఱకు వ్యవసాయశాఖ ప్రయోగశాలయందే పనిచేయుచు, 1927వ సంవత్సరము ఏప్రిల్ 6వ తేదీన వాషింగ్టను నగరమున కన్నుమూసెను.

అతడు జీవించియుండగనే, 1917లో, శాస్త్రజ్ఞులు ఒక బాక్టీరియా జాతికి అతని గౌరవార్థము ఎర్వీనియా అను పేరు ప్రతిపాదించిరి. బేరిచెట్లను మాడ్చు క్రిమియు, దోసతీగలను వాడ్చు క్రిమియు నేడు ఆ పేరుతోనే పిలువబడుచున్నవి. తాను పట్టుకొనిన దొంగకే తన పేరు తగులుట వింతగా తోచవచ్చును. కాని శాస్త్రలోకమున అదియొక గొప్ప గౌరవము.

ఇక స్మిత్‌ను తొలి దినములలో ఓడించిన పీచ్ చెట్ల పసుపు తెగులు మాట ఏమయ్యెను? అతడు మరణించిన ఆఱేండ్లకు, 1933లో, కంకెల్ అను అమెరికా శాస్త్రజ్ఞుడు దానిని మోయునది ఒక చిన్న దీపపు పురుగని కనుగొనెను. రోగకారకము మాత్రము అప్పటికిని చిక్కలేదు. 1967లో జపాను శాస్త్రజ్ఞులు ఎలక్ట్రాను సూక్ష్మదర్శినితో మల్బరీ మున్నగు మొక్కల తెగుళ్లను పరీక్షించుచు, కణకవచము లేని అతి చిన్న బాక్టీరియములను చూచిరి. పీచ్ పసుపు తెగులునకును అట్టి క్రిమియే కారణమని పిమ్మట తేలెను. వానికి నేడు ఫైటోప్లాస్మాలని పేరు. గాజుగొట్టములో పెంచుటకు అవి లొంగవు, సామాన్య సూక్ష్మదర్శినికి కనబడవు. కావున స్మిత్ వెదకిన దొంగ అతని దీపపు వెలుగునకు అందనంత చిన్నది. లోపము అతని శ్రద్ధలో లేదు, ఆ కాలపు పనిముట్లలో కలదు.

ఇట్టి క్రిములు మన పొలములందును కలవు. వంగమొక్కలో ఆకులు చిన్నవై, గుబురుగా పెరిగి, కాయ పట్టక పోవుటను మన రైతులు వెఱ్ఱి తెగులందురు. దానిని కలిగించునదియు ఒక ఫైటోప్లాస్మాయే. మొక్కనుండి మొక్కకు మోయునది దీపపు పురుగే. జబ్బుమొక్కను వెంటనే పెఱికివేయుడనియు, దీపపు పురుగులను అదుపులో నుంచుడనియు నేడు వ్యవసాయాధికారులు రైతులకు చెప్పుచున్నారు. నూఱేండ్లకు పూర్వము పీచ్ తోటలలో తిరిగిన స్మిత్ చేయించిన పనిలో సగము ఇందులో కలదు. మిగిలిన సగమును అతని తరువాతివారు చేర్చిరి.

బాలబాలికలారా! స్మిత్ ఆనాడు తెలియనిదానిని తెలిసినట్లు చెప్పియున్నచో ఏమి జరిగియుండును? దోషి చిక్కినదని తలంచి అందఱును వెదకుట మానియుందురు. రైతులు లేని శత్రువుపై మందులు చల్లి ధనమును పోగొట్టుకొనియుందురు. అతడు తెలియదని వ్రాసినందుననే తరువాతివారు ఆ చోటినుండి వెదకుట సాగించిరి. తెలిసినంతవఱకు రుజువుతో చెప్పుట, తెలియనిదానిని తెలియదని ఒప్పుకొనుట, పెద్దవా రెదిరించినను రుజువైన సత్యమును విడువకుండుట, ఈ మూడును స్మిత్ జీవితమున మనకు కనబడు గుణములు. ఇకమీదట మీ పెరటిలోని పాదు వాడినప్పుడు వెంటనే కారణము చెప్పవలదు. ఆకును త్రిప్పి చూడుడు. దాని వెనుక ఏ పురుగు వ్రాలియున్నదో, అది ఎచట కొఱికినదో గమనింపుడు. స్మిత్ తన దోసతోటలో మొదట చేసిన పనియు అదియే.